సున్నపు బోడు మీది కందిలి పువ్వు

ఆ పువ్వు పేరేమిటో కనుక్కోవాలని నాకెన్నడూ అనిపించలేదు. పేరు నాకు తెలుసు కాబట్టి. మా అవ్వగారి ఊళ్లో, అంటే నా పుట్టింటి ఊళ్లో, దాన్ని కందిలి పువ్వు అంటారు. కరెంటు రాకముందు ఇండ్లల్లో గ్యాసునూనె పోసి వెలిగించే గాజుబుడ్డి దీపం ఉండేది, అదే కందిలి. పువ్వు అచ్చం అట్లాగే ఉంటుంది. కింద గుండ్రటి బుడ్డి, నడుమ సన్నటి గొట్టం, పైన అయిదు సన్నటి కాడలు ఒకచోట కలిసి చేతితో పట్టుకునే కొండీలాగా. మొత్తం కలిపి చిటికెన వేలంత ఉండదు. ఆకుపచ్చ మీద వక్కరంగు చారలు. నిలబడి చూస్తే కనబడదు, కూర్చుంటేనే కనబడుతుంది.

నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు బళ్లో సైన్సు చెప్తాను. మొన్నటి వానాకాలం పిల్లలకు ఆకులు ఏరి పేర్లు రాయమని పని ఇచ్చాను. మొక్కల్ని గుర్తుపట్టే యాప్ ఒకటి ఫోనులో పెట్టుకున్నాను, లేకపోతే వాళ్లు తెచ్చే గడ్డీ గాదానికి నేను పేర్లు చెప్పలేను. వేపాకు చూపిస్తే వేప అన్నది, తంగేడు చూపిస్తే తంగేడు అన్నది. సరదా పుట్టి, ఫోనులో ఉన్న కిందటేడు బతుకమ్మ ఫోటో తీసి, పైన పసుపు గౌరమ్మ పక్కన ఉన్న కందిలి పువ్వును పెద్దది చేసి చూపించాను. అది కాసేపు గిరగిరా తిరిగి, సముద్రాల అవతల ఏదో దీవిలో పురుగుల్ని తినే మొక్క అని చెప్పింది. నాకు ఒళ్లు మండింది. మా ఊరి పువ్వుకు ఊరూ పేరూ లేని దీవిని అంటగడుతుందా అని, మొక్కల పిచ్చి ఉన్నవాళ్ల గ్రూపులో ఆ ఫోటో పెట్టాను.

అక్కడి పెద్దమనుషులు ఇంకా నయం. "పసుపు కుంకుమ చల్లిన పువ్వును గుర్తుపట్టలేమండీ. ఆకు ఏది? తీగ ఏది? పక్కన రూపాయి బిళ్ల పెట్టి మళ్లీ తీయండి" అన్నారు. "రూపాయి బిళ్ల లేదు, పక్కన గౌరమ్మ ఉంది, దాన్నిబట్టి కొలుచుకోండి" అని రాశాను. ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు, అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రమే ఆ గ్రూపులోని ఒక మేడం ఫోన్ చేశారు. హైదరాబాదులో కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తారట. గొంతులో తొందర దాచుకుంటూ, "ఇది ఎక్కడ కోశారు?" అని అడిగారు.

"ఎల్లారెడ్డి అవతల, మా అవ్వగారి ఊరి దగ్గర."

"నేల ఎట్లాంటిది?"

"సున్నపు రాళ్లు మేడం. చెట్లు మొలవని చోటు."

ఆమె "మళ్లీ ఒకసారి చెప్పండి" అన్నారు. చెప్పాను. ఈ జాతి మొక్కలు చాలా ఉన్నాయనీ, తను అనుకుంటున్న రకం మాత్రం సున్నపు నేలల్లో, చెట్ల మధ్య ఖాళీల్లోనే బతుకుతుందనీ, ఈ వైపు ఉన్నట్టు తనకు తెలిసి ఎవరూ చెప్పలేదనీ అన్నారు. మొక్కను చూస్తే తప్ప తేల్చలేనన్నారు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస రాకముందే ఒక ఆదివారం వస్తాను, చూపిస్తారా అని అడిగారు. సరే అన్నాను. ఆ పువ్వును బతుకమ్మ మీద ఎందుకు పెట్టానో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక్కడ చెప్తాను. మా ఆయన నాకు మేనబావ, అవ్వ అన్న కొడుకు. మస్కట్‌లో కూలీలను పొద్దున పనికాడికి, సాయంత్రం క్యాంపుకు చేరేసే బస్సు నడుపుతాడు. మస్కటని ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లో అందరికీ ఆయన దుబాయిలోనే ఉంటాడు. పెండ్లయినప్పటినుంచి సెలవుకు వస్తాడు, పోతాడు. మేమిద్దరం ఒక కప్పు కింద ఉన్న రోజులు లెక్కపెడితే ఏడుపొస్తుంది కాబట్టి లెక్కపెట్టను. పిల్లలు లేరు. "ఎట్లయితరు, వాట్సాపుల అయితరా?" అని మా వాడకట్టు ఆడవాళ్లు నవ్వితే నేనూ నవ్వేస్తాను. ఒప్పందం అయిపోయినప్పుడల్లా బావ "గిదొక్కటి అయిపోనియ్యి, ఇల్లు కట్టుకుందాం" అంటాడు. అదొక్కటి అయిపోతుంది, ఇంకొక్కటి మొదలవుతుంది.

మగవాడు దూరదేశంలో ఉన్న ఇంటి ఆడది ఆఖరినాటి సద్దుల బతుకమ్మ మీద, గౌరమ్మ పక్కన, ఒక కందిలి పువ్వు పెట్టాలి. ఇది మా అవ్వగారి ఊరి ఆచారం. వేరే ఊళ్లల్లో ఉందో లేదో తెలియదు, నేనెక్కడా చూడలేదు. పోయినవాడికి ఇంటి తోవ కనబడాలని. పెండ్లయిన ఏడాది అవ్వ నన్ను సున్నపు బోడు మీదికి తీసుకుపోయింది. అవ్వ అంటే మా అమ్మ, మా దగ్గర కన్నతల్లినే అవ్వ అంటాం. తీగను చూపించి, ఖుర్పీ నా చేతికిచ్చి, "పువ్వు తెంపకు బిడ్డా, గడ్డతోని తియ్యి" అన్నది.

"గడ్డెందుకే అవ్వా?"

"నూనె లేని కందిలి ఎంతసేపు ఎలుగుతది?"

తీగ కింద మన్నులో వక్కకాయంత గడ్డ ఉంటుంది. అదే దీపంలో నూనె. దాన్ని కొంగుతో తుడిచి, తీగను చుట్టగా చుట్టి, గడ్డ కిందికీ పువ్వు పైకీ వచ్చేట్టు పసుపుదారంతో కట్టి బతుకమ్మ మీద నిలబెడతారు. ఆట అయ్యాక అన్ని పూలతోపాటు అదీ వాగులో కలిసిపోతుంది. నేను సైన్సు టీచర్ని. నమ్ముతావా అంటే నమ్మను. పెడతావా అంటే పెడతాను. కామారెడ్డిలో నా ఇంటి పక్కన నాలుగు వాడల బతుకమ్మలు ఆడతారు, అయినా ప్రతి ఏడూ సద్దులనాటికి ఎల్లారెడ్డి బస్సెక్కుతాను. పెట్టినాక ఫోటో తీసి బావకు పంపిస్తాను. ఆయన ఒక దీపం బొమ్మ తిరిగి పంపిస్తాడు.

ఆదివారం మేడం కామారెడ్డి బస్టాండులో దిగారు. జుట్టు నెరిసిన, సన్నటి మనిషి, భుజాన పెద్ద సంచి. ఎల్లారెడ్డి బస్సులో ఇద్దరం ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు తీసుకున్నాం. లింగంపేట దాకా ఆమె కిటికీలోంచి నేలను చూస్తూ కూర్చున్నారు. నేను ఊళ్లు చూస్తాను, ఆమె మన్ను చూస్తున్నారు. "ఇంకా ఎర్రమన్నే" అని ఒకసారి దిగులుగా అన్నారు. మా జిల్లా అంతా నల్లటి గుండ్లూ ఎర్ర నేలలే, సున్నపు రాయి అక్కడక్కడ మాత్రమే పైకి తేలుతుంది. "వస్తది మేడం" అన్నాను, రాకపోతే నా తప్పేమో అన్నట్టు.

ఊళ్లో ఆటో దిగేసరికి అవ్వ గడపలో నిలబడి ఉంది. మేడం సంచిలోంచి భూతద్దం, కొలిచే పట్టీ, చిన్న చాప బయటికి తీసి చూసుకుంటుంటే, అవ్వ నా చెవిలో "గీమె పువ్వు సూడనీకి వచ్చిందా, బట్టలు కుట్టనీకి వచ్చిందా?" అన్నది. నేను గిల్లాను. చాయ తాగి ముగ్గురం బయలుదేరాం.

ఊరు దాటి, టేకు చెట్ల మధ్య ఎద్దుల బాటలో ఎక్కిపోతే ఒకచోట అడవి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అవతల ఆకాశం కనబడుతుంది. తెల్లటి గుల్ల రాళ్లు, రాళ్ల మధ్య బెత్తెడు లోతు కూడా లేని మన్ను, మోకాలెత్తు గడ్డి. అదే సున్నపు బోడు. వెనుకట అక్కడ రాళ్లు ఏరి, బట్టీల్లో కాల్చి, చుట్టుపక్కల ఊళ్ల గోడలకు సున్నం అమ్మేవారట. కూలిపోయిన బట్టీ ఒకటి ఇంకా ఉంది, లోపల సీతాఫలం చెట్టు మొలిచింది. రాత్రి వాన పడినట్టుంది, రాళ్లు తడిగా ఉన్నాయి. మేడం వంగి ఒక రాయి తీసుకుని, సంచిలోంచి చిన్న సీసా తీసి ఒక చుక్క యాసిడ్ వేశారు. రాయి బుసబుసా పొంగింది. మేడం మొహం చూసి తీరాలి. పెండ్లిచూపుల్లో పిల్ల నచ్చిన తల్లి మొహం అట్లా ఉంటుంది.

తర్వాత వెతుకులాట. అవ్వ ఒకవైపు, నేను ఒకవైపు, మేడం మోకాళ్ల మీద నడుమన. ఎక్కడా లేదు. పోయినేడు నేను తవ్విన చోటు నాకు గుర్తుంది, బట్టీకి ఉత్తరాన రెండు రాళ్ల సందు. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. అవ్వ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "నా సిన్నప్పుడు కాలు పెట్టనీకి జాగ లేకుండె బిడ్డా. గొర్లు మేసినా ఒడుస్తుండె గాదు. ఇగ ఇప్పుడు దేవులాడి దేవులాడి ఒకటి దొరికితే పండుగనే" అన్నది. ఎండ ఎక్కింది. ఇంత దూరం పిలిపించి ఈమెకు ఉత్త రాళ్లు చూపించి పంపిస్తానేమోనని నాకు చెమటలు పట్టాయి.

అవ్వకే దొరికింది. ఒక చిన్న ముండ్లపొద లోపల, గొర్రె మూతి పట్టని చోట. దారంలాంటి తీగ, గడ్డిపోచల్లాంటి ఆకులు, ఒక విరిసిన పువ్వు, ఒక మొగ్గ. మేడం చాప పరిచి బోర్లా పడుకున్నారు. నన్నూ పడుకోమన్నారు. పట్టుచీర కాదు కదా అనుకుని పడుకున్నాను.

ఆ గంటసేపు నా బతుకులో మరిచిపోలేనిది. ఇన్నేండ్లు నేను ఆ పువ్వును తవ్వాను, కట్టాను, నీళ్లలో వదిలాను. చూడలేదు. భూతద్దంలో మేడం ఒక్కొక్కటే చూపిస్తూ పోయారు. ఆకు వెడల్పు కొలిచి, "ఇట్లా సన్నగా ఉంటే మనకు రెండు రకాలు మిగులుతాయి" అన్నారు. గొట్టం వంపు చూసి, పైన అయిదు కాడలు కలిసే చోట రంగు చూసి, గొణుక్కున్నారు. కాడల అంచున నూగు ఉందా లేదా అన్నది అసలు ప్రశ్నట. ఉంటే ఒక రకం, అది కొండల మీద ఎక్కడైనా దొరుకుతుంది. లేకపోతే రెండోది. నన్ను చూడమన్నారు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. లేదు. నున్నగా, మైనం పూసినట్టు ఉంది. "లేదు మేడం" అన్నాను. ఆమె మళ్లీ చూశారు. చాలాసేపు చూశారు. లేచి కూర్చుని కండ్లద్దాలు తుడుచుకుంటూ, "అదే" అన్నారు.

పొడుగాటి లాటిన్ పేరు చెప్పారు, నాకు నోరు తిరగలేదు. దేశంలో ఇదివరకు తెలిసిన చోట్లు వేళ్ల మీద ఎంచేటన్ని అన్నారు. ఊళ్లో దీన్ని ఏమంటారని అడిగి, కందిలి అని రెండుసార్లు పలికి చూసుకున్నారు. నేను సంతోషం పట్టలేకపోయాను. మా పువ్వు దిక్కూ మొక్కూ లేని గడ్డిపువ్వు కాదు అని ఆ యాప్‌కు చెప్పాలనిపించింది.

అప్పుడే పువ్వులోపల ఏదో కదిలింది. చీమంత ఈగ. మేడం చెప్పారు, గొట్టం లోపల వెంట్రుకలు కిందికి వాలి ఉంటాయట. ఈగ లోపలికి జారగలదు, బయటికి ఎక్కలేదు. పుప్పొడి అంటించుకుని పువ్వు పని అయ్యేదాకా అక్కడే ఉండాలి. పని అయ్యాక వెంట్రుకలు వాడిపోతాయి, ఈగను వదిలేస్తుంది.

"అంటే మా బావోళ్ల కంపెనీ లెక్కనే" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. అవ్వకు అయ్యింది. మాట మార్చడానికేమో, తనే మేడంకు చెప్పసాగింది, మగవాళ్లు దుబాయికి పోవడం, సద్దులనాడు కందిలి పెట్టడం, తోవ కనబడటం. మేడం శ్రద్ధగా వింటున్నారు. "పువ్వు కోస్తారన్నమాట" అన్నారు.

"పువ్వు కోస్తే ఏమొస్తదమ్మా, గడ్డతోని తీస్తం. నూనె ఉండాలె గద."

మేడం తల ఎత్తారు. ఒకసారి బోడు ఈ చివరనుంచి ఆ చివరదాకా చూశారు. ఆమె అనకపోయినా నాకు వినబడింది. మా అవ్వ చిన్నప్పుడు ఊళ్లోంచి ఒకరో ఇద్దరో బొంబాయికి పోయేవాళ్లు. ఒకరో ఇద్దరో కందిలి తవ్వేవాళ్లు, బోడు నిండా పూసేది. తర్వాత దుబాయి వచ్చింది. ఇప్పుడు మా ఊళ్లో మగవాడు దూరాన లేని ఇల్లు ఏదో నేను వెతుక్కుని చెప్పాలి. ఇంటికొకటి చొప్పున, కాయ కాయకముందే, గడ్డతో సహా, ప్రతి ఏడూ. గొర్రెలు కాదు, వానలు కాదు. మేమే. ఎదురుచూసి ఎదురుచూసి మా కండ్లు కాయలు కాశాయి గానీ, ఆ తీగలను ఒక్క కాయ కాయనివ్వలేదు.

దిగి వస్తున్నప్పుడు మేడం నా పక్కన నడిచారు. "ఆ ఒక్కటే కనబడింది. నేను మీకు వద్దని చెప్పలేను. కానీ అది కాయ పగిలేదాకా ఉంటే గింజలు గాలికి పోతాయి" అన్నారు. బస్సెక్కి పోయారు. ఆమె తిట్టి ఉంటే బాగుండు, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

బతుకమ్మలు మొదలయ్యాయి. నేను బడికి పోయి వస్తూనే ఉన్నాను, మనసు బోడు మీదే ఉంది. అవ్వ ఫోన్ చేసి, "ముండ్లపొదల ఉన్నదాన్ని ఎవ్వలకు చెప్పలె, నీకే ఉంచిన" అన్నది. మేడం చెప్పిందంతా మళ్లీ చెప్పాను. "గామెకేం, గామె మొగడు ఇంట్లనే ఉండె" అన్నది. మా అవ్వతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. చివరికి ఆమె గొంతు తగ్గించి, "పడమటింటి పిల్ల ఒక్క ఏడు పెట్టలె. గా ఏడే ఆమె పెనిమిటి పెట్టెల వచ్చిండు. యాదున్నదా?" అన్నది.

యాదుంది. విమానాశ్రయం నుంచి వచ్చిన ఆ చెక్కపెట్టె ఊళ్లోకి దిగినప్పుడు నేనూ ఉన్నాను. ఎండదెబ్బకు పోయాడు, పువ్వుకూ దానికీ సంబంధం లేదని నాకు తెలుసు. రెండు పనులు ఒక ఏడాది జరిగితే ఒకటి ఇంకోదానికి కారణం కాదని తొమ్మిదో తరగతికి నేనే చెప్తాను. చెప్తాను గానీ, ఆ ఫోన్ పెట్టేశాక మస్కట్‌లో ఎండ ఎంతుందో చూసుకున్నాను. బావ నడిపే బస్సులో ఎండాకాలం కూడా ఏసీ ఉండదు.

సద్దులనాడు పొద్దున్నే అవ్వగారింటికి చేరాను. ఖుర్పీ చేతిసంచిలో పెట్టుకుని ఒక్కదాన్నే బోడు ఎక్కాను. తవ్వుతాననే పోయాను, అబద్ధం ఎందుకు. ముండ్లపొద దగ్గర కూర్చుని చూస్తే ఆనాటి పువ్వు ఎండి రాలింది, అది ఉన్నచోట మేకపిల్ల కొమ్ముల్లాగా రెండు పచ్చటి కాయలు, సూదుల్లాగా, నిక్కి ఉన్నాయి. ఆనాటి మొగ్గ విచ్చుకుని ఉంది. కాయా పువ్వూ ఒకే తీగకు.

ఖుర్పీ మొన మన్నులో పెట్టాను. తీశాను. మళ్లీ పెట్టాను. పువ్వొక్కటే తెంపుదామా అనుకున్నాను. నూనె లేని దీపం పెట్టి మస్కట్‌కు ఫోటో పంపి బావను మోసం చేయాలా? ఉన్న ఒక్కదాన్ని తవ్వేస్తే వచ్చే ఏడు ఏం పెడతాను అనుకున్నాను. ఆ మాట అనుకున్నాక నాకే భయమేసింది. వచ్చే ఏడు కూడా పెట్టాల్సి వస్తుందని, అంటే బావ వచ్చే ఏడు కూడా రాడని, నాకు నేనే ఎప్పుడు ఒప్పుకున్నాను? ఎవరూ లేని ఆ రాళ్ల మధ్య కూర్చుని గట్టిగా ఏడ్చాను. మంచితనంతో కాదు, చెట్టూ చేమా మీద ప్రేమతో కాదు, చెయ్యి ఆడక ఖుర్పీ సంచిలో వేసుకుని దిగి వచ్చాను.

అవ్వ తంగేడూ గునుగూ బంతీ వరసలు పేర్చి, పైన గౌరమ్మను పెట్టి, పక్కన జాగా వదిలి నాకోసం చూస్తోంది. నా ఖాళీ చేతులు చూసింది. ఒక్క మాట అనలేదు. మా అవ్వ మాట్లాడకపోతే అది కోపం కాదు, భయం. ఆ జాగాలో ఒక బంతిపువ్వు పెట్టింది. ఆట ఆడాం, పాడాం, వాగులో వదిలాం. సత్తుపిండి చక్కెర అందరం పంచుకున్నాం. చుట్టూ ఆడవాళ్ల బతుకమ్మల మీద ఆ ఏడు ఒక్క కందిలి కూడా లేదు. వాళ్లకు దొరకలేదు. దొరికీ పెట్టనిదాన్ని నేనొక్కదాన్నే. ఫోటో మాత్రం అలవాటుగా పంపించాను. బావ దగ్గరినుంచి దీపం బొమ్మ రాలేదు.

మర్నాడు పొద్దున కూలీలను దింపి బస్సు ఆపుకున్నాక ఫోన్ చేశాడు. నేను అవ్వగారింటి అరుగు మీద కూర్చుని ఉన్నాను.

"టీచరమ్మా, పైన కందిలి లేదేంది?"

"లేదు."

"దొరకలేదా?"

దొరకలేదు అంటే అయిపోయేది. "దొరికింది బావా. పెట్టలె" అన్నాను.

అవతల ఇంజను చప్పుడు వినబడుతోంది. తర్వాత మెల్లగా, "ఇగ నా తోవ సూడనంటున్నవా?" అన్నాడు. నవ్వుతూ అందామనుకున్నాడు, నవ్వు రాలేదు.

తీగ గురించి, గడ్డ గురించి, మేడం గురించి చెప్పడానికి నోరు తెరిచాను. ఒక్క మాటా రాలేదు. గల్ఫ్‌లో మొగుడున్న ఆడవాళ్లకు మా ఊళ్లో మొదట నేర్పేది ఒకటే, ఫోనులో ఏడవొద్దు, రమ్మని అనొద్దు, వాని పానం ఆగమైతది, బండి నడిపేటోడు. ఆ మాట నేను పొల్లు పోనివ్వలేదు. తిన్నవా, పన్నవా, పైలం, ఇవే మాటలు. మిగిలిందంతా ఏడాదికొకసారి ఆ పువ్వుకు చెప్పి ఊరుకునేదాన్ని. ఈసారి పువ్వు లేదు. చెప్పాల్సింది నేనే చెప్పాలి.

"బావా" అన్నాను. "రా."

"ఆఁ?"

"వచ్చెయ్. గిదొక్కటి అయిపోనియ్యి అనకు. ఉత్త చేతులతోని వచ్చినా సరే. నాకు ఇల్లొద్దు, ఏమొద్దు. నాకు నువ్వు కావాలె. నాకు ఒక్కదానికి ఉండబుద్ధి అయితలేదు."

ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పినట్టున్నాడు. ఊపిరి వినబడుతోంది.

"ఇన్నేండ్లల్ల నువ్వు గీ మాట ఎన్నడు అనలే" అన్నాడు.

"పువ్వు పెడితిని గద."

"పువ్వు ఏం చెప్తదే? ఫోటోల ఉంటది, ఊకుంటది. నువ్వు మంచిగనే ఉన్నవనుకున్న. నేను లేకున్నా నడుస్తదనుకున్న."

బావ ఏడుస్తున్నాడని తెలుస్తోంది, తెలియనట్టు ఊరుకున్నాను. తర్వాత ముక్కు ఎగబీల్చి, చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"మల్ల ఒక్కసారి అను."

అన్నాను.